అభ్యర్థి మతం: ప్రశ్న ఎవరికి?

2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికల వేళ, ఆర్మూరులోని మా ఇంటికి నా పాత విద్యార్థి ఒకడు వచ్చాడు. డిగ్రీలో నా దగ్గర రాజనీతిశాస్త్రం చదివినవాడు. చుట్టుపక్కల పసుపు పండే ఊళ్లలో ఒకటి వాళ్లది. ఆ ఊరి సర్పంచ్ పదవిని ఈసారి ఎస్సీలకు కేటాయించారు. వాడు మాదిగ. తండ్రి గల్ఫ్‌లో పనిచేసి జబ్బుతో తిరిగొచ్చాడు. తల్లి పసుపు తవ్వకాల కాలంలో కూలికి పోతుంది, మిగతా రోజుల్లో బీడీలు చుడుతుంది. ఊళ్లో రేషన్ కార్డు దరఖాస్తు నుంచి ఉపాధి హామీ బకాయిల దాకా ఎవరికి ఏ కాగితం పని పడినా వాడి దగ్గరకే వస్తారు. సర్పంచ్ కావడానికి అంతకన్నా అర్హత ఏం కావాలి?

కానీ వాడు వచ్చింది ఆశీర్వాదం కోసం కాదు. "సార్, నామినేషన్ వేద్దామనుకున్న. మా అమ్మతోని ఆదివారం చర్చికి పోతనని, నేను నిలబడితే కలెక్టరుకు రాసిస్తమని అంటున్నరు. నా సర్టిఫికెట్ పోతే పాయె. చెల్లె నర్సింగు సీటు కూడా పోతదా సార్?" అని అడిగాడు.

నాకు చట్టం కొంత తెలుసు. తెలిసినందువల్లనే ధైర్యం చెప్పలేకపోయాను. "ఈసారికి ఆగు" అన్నాను. వాడు తల ఊపి వెళ్లిపోయాడు. ఆ మాట అన్నప్పటి నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఒకటుంది. దాన్ని విద్యార్థుల ముందూ, రాజకీయ కార్యకర్తల ముందూ పెట్టడానికే ఈ వ్యాసం.

అభ్యర్థి మతం ఓటరుకు అవసరమైన సమాచారమా? ఈ ప్రశ్నకు మనకు రెండు జవాబులు అలవాటయ్యాయి. మతం వ్యక్తిగత విషయం, ఓటుతో దానికి సంబంధం లేదనేది ఒకటి. మతం మనిషి విలువలను నిర్ణయిస్తుంది, కాబట్టి ఓటరు తెలుసుకోవలసిందేననేది రెండోది. రెండు జవాబుల్లోనూ ఒక లోపం ఉంది. ఈ ప్రశ్నను అందరినీ ఒకే తీరున అడుగుతున్నామని రెండూ అనుకుంటాయి. నిజానికి ఈ దేశంలో పోటీకి అర్హత తేల్చడానికి చట్టం మతం అడిగేది ఒక్క దళితుడినే. మిగిలినవారికి మతం ప్రచారంలో వినబడే మాట. దళితుడికి మాత్రం అది గడప దగ్గరే కాపలా.

మొదట చట్టం ఓటరుకు ఏం చెబుతుందో చూద్దాం. అభ్యర్థుల గురించి తెలుసుకోవడం ఓటరు హక్కని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటి నుంచి నామినేషన్‌తో పాటు అభ్యర్థి అఫిడవిట్ ఇవ్వాలి. అందులో క్రిమినల్ కేసులుంటాయి, ఆస్తులుంటాయి, అప్పులుంటాయి, చదువు ఉంటుంది. మతం ఉండదు. ఓటరు తెలుసుకోవలసినవాటిలో మతాన్ని మన ప్రజాస్వామ్యం చేర్చలేదు. అంతేకాదు, మతం పేరిట, కులం పేరిట ఓటు అడగడాన్ని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3) సెక్షను అవినీతికర చర్యగా పరిగణిస్తుంది. 2017 జనవరి 2న అభిరాం సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సెక్షనును మరింత విస్తరించింది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరిట అడిగినా తప్పేనని నలుగురు అన్నారు. ముగ్గురు విభేదించారు. కులం వల్ల, మతం వల్ల తరతరాలుగా అన్యాయానికి గురైన ప్రజలు ఆ అన్యాయాన్ని ఎన్నికల వేదిక మీద మాట్లాడుకోవడం నేరం కాదని ఆ ముగ్గురి తరఫున జస్టిస్ చంద్రచూడ్ రాశారు. ఈ తేడా కీలకమైనది. మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ఇక చట్టం ఎక్కడ మతం అడుగుతుందో చూడండి. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వెలువడింది. అందులోని మూడో పేరా, హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డ్ కులస్థుడిగా పరిగణించరాదని చెప్పింది. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఈనాటికీ బయటే ఉన్నారు. షెడ్యూల్డ్ తెగలకు ఇలాంటి మత నిబంధన లేదు. గిరిజనుడు ఏ దేవుడిని కొలిచినా ఎస్టీ స్థానంలో పోటీ చేయవచ్చు. జనరల్ స్థానంలో ఎవరు ఏ మతస్థుడైనా చట్టానికి పట్టింపు లేదు. ఎస్సీ స్థానంలో నిలబడేవాడు మాత్రం తన కులాన్ని ప్రకటించాలి, ఆ ప్రకటన నిలవాలంటే అతని మతం మూడింటిలో ఒకటి కావాలి.

ఇది కాగితం మీద పడివున్న నిబంధన కాదు. అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించారు. 1962 ఎన్నికల్లో అదే నాగపూర్‌లో ఎస్సీ స్థానం నుంచి గెలిచిన డాక్టర్ మేశ్రామ్ బౌద్ధుడయ్యాడు కాబట్టి ఆ ఎన్నిక చెల్లదని కోర్టు తేల్చింది. అంబేడ్కర్ చూపిన దారిలో నడిచినందుకు, అంబేడ్కర్ సాధించిన రిజర్వుడు స్థానం పోయింది. మన పక్క రాష్ట్రంలోని కోలార్ బంగారు గనుల నియోజకవర్గంలో 1967లో గెలిచిన రాజగోపాల్ ఎన్నిక, ఆయన క్రైస్తవం తీసుకున్నాడన్న కారణంతో రద్దయింది. 1972లో ఆయన మళ్లీ గెలిచాడు. మళ్లీ కేసు. ఈసారి ఆయన హిందూ మతంలోకి తిరిగి వచ్చాడనీ, కులం వాళ్లు ఆయనను తమవాడిగా అంగీకరించారనీ సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మనిషి అతడే, కులం అదే, ఓటర్లు వాళ్లే. మారింది మతం ఒక్కటే. అతడి అర్హత దాని వెంట పోయింది, దాని వెంట వచ్చింది.

మన తెలుగు నేల మీద కూడా ఇది పాత కథ కాదు. 2019లో తాడికొండ ఎస్సీ స్థానం నుంచి గెలిచిన ఎమ్మెల్యే మతం మీద ఫిర్యాదు వెళ్లింది, అధికారుల విచారణ నడిచింది. తాను హిందువునేనని ఆమె చెప్పుకోవలసి వచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇంకో మెట్టు దాటింది. క్రైస్తవంలోకి మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి తనను కులం పేరుతో దూషించి కొట్టారని పెట్టిన కేసులో, మతం మారాడు కాబట్టి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అతనికి వర్తించదని చెప్పింది. తిట్టినవాడు కులం పేరు పెట్టి తిట్టాడు. చట్టం మాత్రం ఆ తిట్టు తగిలినవాడికి ఆ కులం లేదంది.

ఇప్పుడు దీని పక్కన ఇంకో దృశ్యం పెట్టి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి క్రైస్తవుడన్న సంగతి అందరికీ తెలుసు. 2024 సెప్టెంబరులో ఆయన తిరుమల యాత్రకు బయలుదేరేముందు డిక్లరేషన్ మీద సంతకం చేయాలన్న వివాదం చెలరేగింది, యాత్ర రద్దయింది. ఆ వివాదం ఎంత పెద్దదైనా, ఆయన పులివెందులలో నామినేషన్ వేయడానికి అది అడ్డం కాదు. కాకూడదు కూడా. క్రైస్తవం స్వీకరించిన రెడ్డి రెడ్డిగానే ఉంటాడు. భూమి, బంధుత్వం, పలుకుబడి అన్నీ ఆయన వెంటే ఉంటాయి. క్రైస్తవం స్వీకరించిన మాదిగకు భూమి ముందే లేదు, ఉన్న ఒక్క రాజకీయ హక్కూ ఊడిపోతుంది. ఒకే మతం, ఒకే ప్రార్థన, ఒకే బైబిలు. ఇద్దరికీ తేడా ఎక్కడ వచ్చింది? కులం దగ్గర వచ్చింది. అంటే మతం ప్రశ్నలా కనిపించేది లోపల కులం ప్రశ్నే.

మా జిల్లాకు వస్తాను. ఉమ్మడి నిజామాబాద్‌లోని తొమ్మిది అసెంబ్లీ స్థానాల్లో ఎస్సీలకు కేటాయించింది ఒక్క జుక్కల్. అదే జిల్లాలోని ఎల్లారెడ్డి నుంచి 1967లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిగా ఈశ్వరీబాయి గెలిచారు. అంబేడ్కర్ పార్టీ జెండా తెలంగాణ పల్లెల్లో ఎగిరిన కాలమది. ఆ రోజుల్లో ఆ పార్టీ కార్యకర్త ఎవరైనా అంబేడ్కర్‌ను పూర్తిగా అనుసరించి బౌద్ధుడైతే, ఎస్సీ స్థానంలో పోటీ చేసే అర్హత కోల్పోయేవాడు. నాయకుడి రాజకీయం పాటించవచ్చు, ఆయన ధర్మాన్ని మాత్రం పాటించరాదు. 1990లో చట్టం సవరించేదాకా, అంటే ముప్పై నాలుగేళ్లపాటు, ఈ వింత నడిచింది. బౌద్ధుల విషయంలో పార్లమెంటు తప్పు దిద్దుకోగలిగింది. కాబట్టి ఈ గీత దేవుడు గీసింది కాదు, మనం గీసింది. మార్చదలచుకుంటే మారుతుంది.

ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల్లో వీడీసీ అనే మాట తెలియనివారు ఉండరు. గ్రామాభివృద్ధి కమిటీ. చట్టంలో దానికి చోటు లేదు, ఊళ్లో దానికి తిరుగు లేదు. బెల్టు షాపు వేలం నుంచి ఊరి పంచాయితీల దాకా అదే తేలుస్తుంది. మాట విననివారిని వెలి వేస్తుంది. గీత కార్మికులు, చాకలి, మంగలి, దళితులు, ఈ వెలికి గురికాని కులవృత్తి లేదేమో. పోలీసు కేసులు అయ్యాయి, పత్రికల్లో వచ్చింది, ఆగలేదు.

నా విద్యార్థి ఊళ్లో కొన్నేళ్ల కింద డప్పు కూలి దగ్గర మాటా మాటా పెరిగింది. వీడీసీ మాదిగవాడ మొత్తాన్ని వెలి వేసింది. కిరాణం ఇవ్వొద్దు, కూలికి పిలవొద్దు, ఆటో ఎక్కించుకోవద్దు, మాట్లాడితే జరిమానా. ఆ రోజు వీళ్లలో చర్చికి పోయేవాళ్లెవరు, గుడికి పోయేవాళ్లెవరు అని ఏ పెద్దమనిషీ ఏరలేదు. "మీరు క్రైస్తవులు, మీకు కులం లేదు, మీకు ఈ వెలి వర్తించదు" అని ఏ ఒక్కరినీ వదలలేదు. వాడి తల్లి కూడా మిగతా ఆడవాళ్లతో పాటు పదిహేను రోజులు పక్క ఊరికి నడిచి ఉప్పూ పప్పూ తెచ్చుకుంది. అదే ఊళ్లో సర్పంచ్ కుర్చీ ఎస్సీలకు రాగానే వాడు క్రైస్తవుడని అందరికీ గుర్తొచ్చింది. వెలి వేసేటప్పుడు మాదిగ, నామినేషన్ వేసేటప్పుడు క్రైస్తవుడు. ఈ రెండు నాలుకల మాటను చట్టం తన ముద్ర వేసి ఇస్తోంది.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి. వాటిని తేలిగ్గా కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు.

క్రైస్తవంలో, ఇస్లాంలో కులం లేదు కదా, మరి కులం పేరిట రిజర్వేషన్ ఎందుకు అనేది మొదటి వాదన. గ్రంథంలో లేదు, గ్రామంలో ఉంది. ఇది ప్రభుత్వాలకు తెలుసు. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలనూ వారి సంతతినీ బీసీ-సి వర్గంగా గుర్తించి తెలుగు రాష్ట్రాలు ఒక్క శాతం రిజర్వేషన్ ఇస్తున్నాయి. మతం మారగానే కులం పోయి ఉంటే ఆ వర్గమే పుట్టేది కాదు. పంచాయతీల్లో బీసీ స్థానాల్లో వాళ్లు పోటీ చేయవచ్చు కదా అంటారు. బలమైన బీసీ కులాల నడుమ మాదిగవాడలోని నాలుగు ఇళ్లవాడు బీసీగా గెలవడం ఎంత సాధ్యమో పల్లె తెలిసినవారికి చెప్పనక్కరలేదు. అసెంబ్లీలో ఆ దారి కూడా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లో, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానాలు చేశాయి. జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మూడో పేరాను తీసేయమంది. 2022 అక్టోబరులో కేంద్రం ఇదే విషయంపై జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్‌ను వేసింది. కమిషన్లకు కొరత లేదు, కొరత సంకల్పానికి.

రెండోది, హిందూ దళితుల భయం. ఉన్న కొద్దిపాటి వాటా ఇంకా చీలిపోతుందని వాళ్లు అంటారు. ఈ భయం నిజమైనది. చర్చి బడుల్లో చదువుకున్న కుటుంబాలు ముందుకు పోయి మిగిలినవాళ్లను వెనక్కి నెట్టవచ్చునన్న అనుమానంలో అనుభవం ఉంది. కానీ దీనికి జవాబు మత పరీక్ష కాదు, వాటాల లెక్క. మాదిగ దండోరా మూడు దశాబ్దాలు చేసిన పోరాటం ఏం చెప్పింది? ఒక గుంపులో ముందున్నవారు, వెనకున్నవారు ఉంటే, లెక్క తీసి ఎవరి వాటా వారికి పంచమంది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ ఎస్సీ వర్గీకరణను అమల్లోకి తెచ్చి పదిహేను శాతాన్ని ఒకటి, తొమ్మిది, ఐదుగా మూడు భాగాలు చేసింది. దళిత క్రైస్తవులను చేర్చినప్పుడు వాటా పెంచి, వెనుకబాటును బట్టి పంచే పద్ధతి మన చేతిలోనే ఉందని దీనర్థం. అసెంబ్లీ స్థానాల విషయంలోనూ ఎస్సీ జనాభా లెక్కే స్థానాల సంఖ్యకు ఆధారం. మనుషులను లెక్కలోకి తీసుకుంటే స్థానాలూ పెరగాలి.

మూడో వాదన అసలు ప్రశ్నకు దగ్గరగా ఉంటుంది. అభ్యర్థి విశ్వాసం అతని నిర్ణయాల మీద ప్రభావం చూపదా, ఓటరు అది తెలుసుకోవద్దా అని అడుగుతారు. చూపవచ్చు. అలాంటప్పుడు అడగవలసింది నిర్ణయాల గురించి. గుడి మాన్యం, వక్ఫ్ భూమి ఆక్రమణకు గురైతే ఏం చేస్తావు? అంతర్మతాంతర కులాంతర పెళ్లి చేసుకున్న జంట ఠాణాకు వస్తే ఎవరి పక్షాన ఉంటావు? బడిలో మధ్యాహ్న భోజనం దళిత మహిళ వండితే పిల్లల్ని లేవదీసుకుపోయే తల్లిదండ్రులకు ఏం చెబుతావు? వీటికి ఏ మతస్థుడైనా జవాబు చెప్పాలి. "నువ్వు ఏ మతం?" అనే ప్రశ్నకు వచ్చే జవాబు వీటిలో ఒక్కదాన్నీ తేల్చదు. ఒకే మతంలో వెలి వేసేవాడూ ఉంటాడు, వెలికి ఎదురు నిలిచేవాడూ ఉంటాడు.

అయితే మతం మాట ఎన్నికల్లో అసలు ఎత్తకూడదా? ఇక్కడే అభిరాం సింగ్ కేసులోని భిన్నాభిప్రాయం నాకు దారి చూపుతుంది. ఒకరిని బయటకు నెట్టడానికి మతం అడగడం వేరు, ఎవరు బయట ఉండిపోయారో లెక్కించడానికి మతం అడగడం వేరు. 2025 ఫిబ్రవరిలో వెల్లడైన తెలంగాణ కులగణన ప్రకారం రాష్ట్రంలో ముస్లింలు 12.56 శాతం. 2023 ఎన్నికల్లో 119 మంది ఎమ్మెల్యేలలో ముస్లింలు ఏడుగురు. ఏడుగురూ ఒకే పార్టీవారు, ఏడుగురూ హైదరాబాద్ నుంచే. అంతకుముందు రెండు దఫాలు బోధన్ నుంచి షకీల్ ఆమేర్ గెలిచారు, 2023లో ఓడిపోయారు. నిజామాబాద్ అర్బన్‌లో షబ్బీర్ అలీ ఓడిపోయారు. జిల్లాలకు జిల్లాలు ఒక్క ముస్లిం ప్రతినిధి లేకుండా ఉన్నాయని చెప్పడం మతతత్వం కాదు, ప్రాతినిధ్యం లెక్క. దళిత క్రైస్తవుడు ఎస్సీ స్థానంలో నిలబడలేకపోతున్నాడని చెప్పడమూ అటువంటిదే.

ఈ రెండు ప్రశ్నలను కలిపేసి గందరగోళం చేయడం ఇప్పుడు రాజకీయంగా లాభసాటి పని. 2025 మార్చిలో శాసనసభ బీసీలకు 42 శాతం బిల్లులు ఆమోదించినప్పుడు చర్చ ఎటు మళ్లిందో గుర్తు చేసుకోండి. బీసీల జాబితాలో ముస్లింలు ఎందుకన్నారు. కులగణన లెక్కలో బీసీ ముస్లింలు 10.08 శాతం. వాళ్లెవరు? దూదేకులవాళ్లు బీసీ-బి జాబితాలో, మెహతర్లు బీసీ-ఎ జాబితాలో దశాబ్దాలుగా ఉన్నారు. 2007లో బీసీ-ఇ కింద చేర్చిన పద్నాలుగు వర్గాలూ వృత్తి, వెనుకబాటు ఆధారంగా గుర్తించినవే. ఆర్మూరు సందుల్లో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే పద్మశాలి ఆడమనిషికీ, పక్క అరుగు మీద చుట్టే ముస్లిం ఆడమనిషికీ వెయ్యి బీడీల కూలి ఒకటే, దగ్గు ఒకటే, పింఛను కోసం తిరిగే ఆఫీసు ఒకటే. నేను పుట్టింది పద్మశాలి ఇంట్లో కాబట్టి ఆ అరుగులు నాకు తెలుసు. ఆ ఇద్దరినీ విడదీయడానికి పనికొచ్చే ప్రశ్న మతం. ఇద్దరినీ కలపగలిగే ప్రశ్న కూలి రేటు. ఎన్నికల్లో ఏ ప్రశ్న ఎక్కువ వినబడితే ఎవరికి లాభమో ఆలోచించండి.

ఆర్మూరు ఓటరుకు సరైన ప్రశ్న అడగడం తెలియదని అనుకోవద్దు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది అభ్యర్థులు నిలబడ్డారు. వారిలో 170 మందికి పైగా రైతులు. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలి, పసుపు బోర్డు కావాలి అన్నది వారి మాట. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పేర్చవలసి వచ్చింది. సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు. బాండులోని గడువు దాటి ఏళ్లు గడిచాక, 2023 అక్టోబరులో బోర్డు ప్రకటన వచ్చింది, 2025 జనవరిలో బోర్డు మొదలైంది, జూన్‌లో నిజామాబాద్‌లో కార్యాలయం తెరిచారు. పసుపుకు కనీస మద్దతు ధర మాత్రం ఇప్పటికీ లేదు. జరిగినదాన్నీ జరగనిదాన్నీ పక్కపక్కన పెట్టి నాయకుడిని నిలదీసే వీలు ఓటరుకు ఎలా వచ్చింది? రైతులు ధర అడిగారు కాబట్టి వచ్చింది. మతం అడిగి ఉంటే తర్వాత నిలదీయడానికి ఏమీ మిగిలేది కాదు. మతం ఎవరూ తప్పలేని హామీ. దాన్ని నెరవేర్చాల్సిన పనీ ఉండదు.

అయినా ఆ ఎన్నిక కూడా ఒక ప్రశ్నను వదిలేసింది. పసుపు ధర గురించి మాట్లాడినవారు పొలం ఉన్నవారు. పసుపు తవ్వే, ఉడకబెట్టే, కల్లంలో ఆరబోసే కూలీల సంగతి, మార్కెట్ యార్డులో హమాలీల, చాటకూలీల సంగతి ఆ పన్నెండు యూనిట్ల మీద ఎంత మేరకు కనిపించింది? 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఆర్మూరులో మూడు ప్రధాన పార్టీల అభ్యర్థులు రాకేశ్ రెడ్డి, వినయ్ రెడ్డి, జీవన్ రెడ్డి. జెండాలు మూడు, ఇంటిపేరు తర్వాతి మాట ఒకటే. ఎన్నికల కాలంలో అందరూ సిద్ధులగుట్ట ఎక్కుతారు, దర్గాకు చాదర్ తీసుకుపోతారు. వాళ్ల భక్తి మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. మూడు పార్టీలూ ఒకే కులం నుంచి ముగ్గురిని ఎలా ఎంచుకున్నాయి, మిగిలిన కులాలకు టికెట్ ఎందుకు అందలేదు అన్న ప్రశ్న మాత్రం ఊరి చౌరస్తాలో గట్టిగా వినబడలేదు. ఎవరు ఎక్కువ హిందువు, ఎవరు ఎవరిని బుజ్జగిస్తున్నారు అన్న మాటలే వినబడ్డాయి. మతం గురించి ఎంత ఎక్కువ మాట్లాడితే కులం గురించి అంత తక్కువ మాట్లాడవలసి వస్తుంది. అది కొందరికి అనుకూలం.

కాబట్టి నా జవాబు ఇది. అభ్యర్థి ఏ దేవుడిని కొలుస్తాడన్నది ఓటరుకు అనవసరం. మతాన్ని అతడు రాజకీయంగా ఏం చేయడానికి వాడుతున్నాడన్నది ఓటరుకు అత్యవసరం. ఏ మతాలవారు, ఏ కులాలవారు చట్టసభ గడప దాటలేకపోతున్నారో లెక్కపెట్టడం ప్రజాస్వామ్యానికి అవసరం. వీటన్నిటికన్నా ముందు, దళితుడికి మాత్రమే పెట్టిన మత పరీక్షను ఎత్తేయాలి. 1950 ఉత్తర్వు మూడో పేరా ఉన్నంతకాలం, అభ్యర్థి మతం వ్యక్తిగత విషయమని మనం చెప్పే మాట సగం అబద్ధమే. రెడ్డికీ, వెలమకూ, కాపుకూ, కోమటికీ, నాలాంటి పద్మశాలికీ అది వ్యక్తిగత విషయం. మాదిగకూ మాలకూ అది కలెక్టరు విచారణ విషయం.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను ఎన్నోసార్లు ఎన్నికల విధులకు వెళ్లాను. ఓటరు చీటీ చూశాను, వేలికి సిరా పెట్టించాను. ఏ ఓటరునూ మతం అడగలేదు, అడగమని ఏ నిబంధనా చెప్పలేదు. ఓటు వేయడానికి అక్కరలేని మతం, ఓటు అడగడానికి ఒక్క కులం గుంపుకే ఎందుకు అవసరమైందో తరగతిలో పాఠం చెప్పిన రోజుల్లో నేను గట్టిగా అడగలేదు. రిజర్వుడు స్థానాల గురించి చెప్పాను, పూనా ఒప్పందం గురించి చెప్పాను, మూడో పేరాను ఒక వాక్యంలో దాటేశాను. ఆ తరగతిలో వెనక బెంచీలో కూర్చున్న కుర్రాడికి ఆ ఒక్క వాక్యమే జీవితమవుతుందని నాకు తట్టలేదు.

ఆ ఊళ్లో సర్పంచ్ ఎన్నిక జరిగిపోయింది. గెలిచిన వ్యక్తి ఎస్సీయే, మంచివాడే కావచ్చు. పెద్దమనుషులు ఎంచి నిలబెట్టినవాడని ఊరంతా చెప్పుకుంటుంది. నా విద్యార్థి మాత్రం ఇప్పటికీ ఊరివాళ్ల దరఖాస్తులు నింపుతున్నాడు. దరఖాస్తులు రాయించుకునేవాళ్లలో గుడికి పోయేవాళ్లున్నారు, మసీదుకు పోయేవాళ్లున్నారు. ఎవరూ వాడి మతం అడగరు. మళ్లీ ఐదేళ్లకు ఎన్నిక వస్తుంది. అప్పుడు వాడు మా గుమ్మంలో నిలబడి అదే ప్రశ్న అడిగితే "ఈసారికి ఆగు" అని మాత్రం నేను అనను. కానీ వాడి చెల్లెలి సీటుకు భరోసా ఇవ్వడం నా ఒక్కడి వల్ల కాదు. ఆ భరోసా చట్టం ఇవ్వాలి. చట్టం చేత ఇప్పించవలసిన బాధ్యత, మతం అడగకుండానే ప్రతి ఎన్నికలో నామినేషన్ వేయగలుగుతున్న మనందరిదీ.